వ్యానెక్కిన సర్వర్ వెనకాల మా సార్

మా సార్ పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. చిలకలూరిపేట దాటి గుంటూరు వస్తున్నాం. పత్తి లోడుతో వెళ్తున్న ట్రాక్టర్ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఒరిగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో మా బస్సు. అప్పుడు మా కాలేజీ ఆఫీసు క్లర్కు ఫోన్ చేశాడు.

"మేడమ్, మన కంప్యూటర్స్ సార్ పొద్దున్నే పోయారండి. నిద్రలోనే అంట. సాయంత్రం నమాజయ్యాక తీసుకెళ్ళిపోతారంట. మీరు కాస్త త్వరగా వస్తే మంచిదండి."

త్వరగా రావడం నా చేతుల్లో ఏముంది. డ్రైవర్ని అడిగాను, కండక్టర్ని అడిగాను, చివరికి దిగి వెళ్ళి ట్రాక్టర్ అతని మీదే అరిచాను. "నన్నేం చెయ్యమంటావమ్మా, ఇరుసు విరిగింది" అన్నాడతను, నిజమే. నల్లపాడులో సార్ ఇంటికి చేరేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సార్ భార్యని నేను ఆంటీ అనే పిలుస్తాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "నీ కోసం కాసేపు ఆపారమ్మా" అంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. సార్ విషయంలో నాకెప్పుడూ అంతే. ఆయన చుట్టూ ఉన్నవాటి మీద కోపం, కొన్నిసార్లు ఆయన మీద కూడా.

తర్వాత కాలేజీలో సంతాపసభ పెట్టారు. కరస్పాండెంట్ గారు మైకు పట్టుకుని, "మాష్టారుకి జీవితంలో పెద్దగా ఆశలేవీ ఉండేవి కావు. ఇచ్చినదాంతో తృప్తిపడిన మనిషి" అన్నారు. ముందు వరసలో వాళ్ళంతా తలలూపారు. నేను కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆశ లేకపోవడమేమిటి? ఆయనకి ఒక ఆశ ఉండేది. అదేమిటో, ఎలా పోయిందో ఆ వేదిక మీదున్న వాళ్ళలో కొందరికి బాగా తెలుసు. అక్కడ నన్ను మాట్లాడమనలేదు కాబట్టి ఇక్కడ మీకు చెబుతున్నాను.

సార్ మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పేవారు. గుంటూరు చుట్టుపక్కల పత్తి చేలల్లో ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్న రోజులవి. మాదీ అలాంటిదే, పేరు రాయను. ఓ పక్క మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఇంకో పక్క పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు, మధ్యలో మేం. నేను ముందు ఆయన దగ్గర చదువుకున్నాను, తర్వాత అదే కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఉద్యోగంలో చేరాను. సార్ తండ్రి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశారట. అందుకేనేమో సార్ ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి మమ్మల్ని యార్డులోకి తీసుకెళ్ళి వదిలేవారు.

ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, స్క్రూడ్రైవర్ ఉండేది. పెన్ను కావలసినప్పుడు మమ్మల్ని అడిగేవారు, తిరిగివ్వడం మర్చిపోయేవారు. సీజన్లో మిర్చి లారీలు తిరుగుతుంటే ల్యాబ్ కిటికీలు మూసినా ఘాటు లోపలికి వచ్చేది. ఎర్రటి దుమ్ము మెషీన్ల ఫ్యాన్లకి పట్టేది. సార్ రంగులు వేసే చిన్న బ్రష్ ఒకటి తెచ్చుకుని, ముక్కుకి రుమాలు కట్టుకుని, ఒక్కో డబ్బా మూత తీసి దులిపేవారు. అటెండర్ ఉన్నాడు కదా సార్ అంటే, "వాడు లోపలికి తుమ్ముతాడమ్మా" అనేవారు. సార్ కూడా తుమ్మేవారు, కాకపోతే మొహం పక్కకి తిప్పుకుని తుమ్మేవారు.

పిల్లలెవరైనా "ఈ ప్రోగ్రామ్ పనిచేస్తుంది సార్" అంటే ఆయన ఒకటే అడిగేవారు: "చూశావా, అనుకున్నావా?" అనుకున్నాను అని ఒప్పుకుంటే ఏమీ అనేవారు కాదు. చూశానని చెప్పి దొరికిపోతే మాత్రం ఆ పీరియడ్ అంతా నిలబెట్టేవారు. "మెషీన్‌కి మొహమాటం ఉండదురా. నువ్వు బాధపడతావని అబద్ధం చెప్పదు" అనేవారు. నాకు ఆ మాటలు అప్పట్లో చాలా నచ్చేవి. తర్వాత అవే మాటలు నా ప్రాణానికి వస్తాయని తెలియదు.

కాలేజీలో ఒక పెద్ద సర్వర్ ఉండేది. రెండు ప్రాసెసర్లున్న మెషీన్ మా చుట్టుపక్కల అదొక్కటే అని మేనేజ్‌మెంట్ వాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. పిల్లలంతా ఒకేసారి దాన్నుంచి ఫైళ్ళు తీసుకుంటే మాత్రం అది ఈడ్చుకుంటూ నడిచేది. డిస్కు నెమ్మది అనుకున్నాం అందరం. సార్ ఓపికపట్టి చూశారు. ఫైలు మొత్తం మెమరీలోకి వచ్చేశాక కూడా అంతే నెమ్మది. ఫైళ్ళు వెళ్ళే నెట్‌వర్క్ వైరు సగం ఖాళీగానే ఉంది. మరి ఆ రెండు ప్రాసెసర్లూ ఏం చేస్తున్నట్టు?

ఆయన నాకు చెప్పినట్టే మీకూ చెబుతాను, కష్టమేం కాదు. యార్డులో కొట్టు ముందు జాగా తక్కువ, వచ్చే బస్తాలు ఎక్కువ. వచ్చిన ప్రతి లాటుకీ, అంటే ఒక్కో రైతు తెచ్చిన సరుకుకి, గుమాస్తా సుద్దతో ఒక నంబరు వేస్తాడు. అది అమ్ముడుపోగానే ఆ నంబరు చెరిపి ఇంకో లాటుకి వేస్తాడు. బస్తాలు మోసే ముఠా వాళ్ళు నంబర్లు మనసులో పెట్టుకుని తిరుగుతుంటారు. ఏడంటే ఆ మూల, పన్నెండంటే ఈ మూల. నంబరు చెరిపిన ప్రతిసారీ గుమాస్తా కేకేసి అందర్నీ ఆపాలి, పాత ఏడు మర్చిపోండని చెప్పాలి. ఒక్కడు వినకపోయినా, ఏడు ఇంకా ఆ మూలే అనుకుని వేరే రైతు బస్తా లారీకెత్తేస్తాడు. కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, చేసేదీ అదే. ఫైలుని మెమరీలో పేజీలుగా ముక్కలు చేసి పెట్టుకుంటుంది. పంపేటప్పుడు ఒక్కో పేజీకి తన దగ్గరున్న కొద్ది చిరునామాల్లోంచి ఒకటి ఇచ్చి, పని కాగానే చెరిపేస్తుంది. చెరిపిన ప్రతిసారీ ప్రాసెసర్లన్నిటినీ ఆపి, పాత చిరునామా మర్చిపోండని చెబుతుంది. పెద్ద ఫైలులో ఇలాంటి పేజీలు వేలల్లో ఉంటాయి.

"మోసే పని కంటే కేకలేసే పని ఎక్కువైందమ్మా" అన్నారు సార్.

ఆయన ఆలోచన చిన్నది. నంబరు వెంటనే చెరపొద్దు. అదే పేజీ మళ్ళీ కావాలంటే పాత నంబరే పనికొస్తుంది. పైగా, ఒక నంబరు ఒక్క మనిషికే చెప్పి ఉంటే, చెరిపినప్పుడు ఆ ఒక్కడికే చెబితే చాలు, యార్డంతా ఆపక్కర్లేదు. ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకుని, దాని కెర్నెల్లో ఈ మార్పు రాశారు. ఇంట్లో ఉన్న పాత మెషీన్ మీద, కరెంటు ఉన్న వేళల్లో రాశారు. ఆ కెర్నెల్ రాసే వాళ్ళందరూ మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టుకి పంపారు. పంపాలంటే బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళాలి. జవాబొచ్చిందా అని చూడ్డానికి మళ్ళీ వెళ్ళాలి. ఎండలో సైకిల్ మీద వెళ్ళి, ఏమీ రాలేదని తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ క్లాసుకి వెళ్ళిపోయేవారు.

ఒక రోజు జవాబు వచ్చింది. ఆలోచన బాగుంది, రెండు ప్రాసెసర్ల మెషీన్ మీద నడిపి ఫలితాలు చూపించండి, కొత్త వెర్షన్‌కి తలుపులు మూసేలోగా అయితే చేర్చుకుంటాం అని. సార్ దాన్ని ప్రింటు తీయించుకొచ్చి నాకు చూపించారు. "అడగాల్సిందే అడిగాడమ్మా" అన్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి మెషీన్లలోనో నడిచే కెర్నెల్లో తన చేత్తో రాసిన నాలుగు లైన్లు ఉండాలి. అదీ ఆయన ఆశ. ఆ రోజు ఆయన మొహం చూసినవాళ్ళెవరూ మైకులో ఆ మాట అనలేరు.

ఇక్కణ్ణించి నా కోపం మొదలవుతుంది.

కాలేజీ నడిచే రోజుల్లో ఆ సర్వర్‌ని ముట్టుకోడానికి లేదు. ప్రయోగం చేస్తూ అది పడిపోతే పిల్లల పని ఆగిపోతుంది. సెలవుల్లో అయితే ఎవరికీ అక్కర్లేదు. కానీ సెలవుల్లోనే తనిఖీలు జరుగుతాయి. కాలేజీకి అనుమతి కొనసాగాలంటే ఇన్ని కంప్యూటర్లున్నాయి, ఇంతమంది అధ్యాపకులున్నారు అని కమిటీకి చూపించాలి. మా మేనేజ్‌మెంట్‌కి ప్రకాశం జిల్లాలో, చీమకుర్తి వైపు, ఇంకో కాలేజీ ఉంది. ఇక్కడ తనిఖీ అయితే అక్కడి కంప్యూటర్లు ఇక్కడికి, అక్కడ తనిఖీ అయితే ఇక్కడివి అక్కడికి. వ్యాన్‌లో పాత పరుపులు పరిచి, మానిటర్లకి దుప్పట్లు చుట్టి పంపేవారు. వెనకాల బస్సులో మనుషుల్ని పంపేవారు. పెళ్ళికి పక్కింటి కుర్చీలు తెచ్చుకున్నంత మామూలుగా జరిగిపోయేది. మేమంతా అలా వెళ్ళి కూర్చున్నవాళ్ళమే, సార్‌తో సహా.

ఆ ఏడు సెలవులు ఇవ్వగానే సార్ లిస్టుకి మెయిల్ పెట్టారు, వారంలో ఫలితాలు పంపుతానని. మర్నాడు ల్యాబ్ తలుపు తీస్తే సర్వర్ లేదు. అది ఉన్న చోట బల్ల మీద దుమ్ములేని నలుచదరం ఒకటి మిగిలింది. నేను ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తాను. సార్ నా వెనక నెమ్మదిగా వచ్చారు.

"తనిఖీ అయిపోగానే తెచ్చేస్తాం మాష్టారూ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "పోనీ మీరూ రండి. అక్కడ స్టాఫ్ తక్కువగా ఉన్నారు. మీరొచ్చి కూర్చుంటే మాకూ పనవుద్ది, మీ మెషీనూ మీ కళ్ళముందే ఉంటుంది."

"అక్కడ దాని మీద పని చేసుకోనిస్తారా అండీ?" అన్నారు సార్.

"శుభ్రంగా చేసుకోండి. మెషీన్ ఏదో ఒకటి చేస్తూ ఉంటే కమిటీకి కూడా బాగుంటుంది. మిమ్మల్ని ఏమన్నా అడిగితే ఊ అనండి, చాలు."

నేనూ వెళ్ళాను. చీమకుర్తి దారంతా గ్రానైట్ రాళ్ళ లారీలు. ఒక్కో లారీ మీద ఒక్కో ఇల్లంత రాయి. వాటి వెనక మా బస్సు నత్తలా పాకుతుంటే, సార్ ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అని నాకు చెబుతూనే ఉన్నారు. చిన్నపిల్లాడు ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నట్టు ఉన్నారు. అక్కడ ల్యాబ్‌లో మెషీన్లన్నీ మావే. మా కాలేజీ స్టిక్కర్లు గీకేసిన చోట జిగురు ఇంకా అంటుకుంటోంది. సర్వర్‌కి బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. సార్ ఆ దండ తీసి పక్కన పెట్టి పనిలోకి దిగారు.

పరీక్ష ఏమిటంటే, ఇంకో మెషీన్ ఈ సర్వర్ నుంచి ఫైళ్ళు అడుగుతూ ఉంటుంది. వచ్చిన ప్రతి ఫైలునీ అసలుతో పోల్చి చూస్తుంది. మొదట అన్నీ సరిగ్గా వచ్చాయి. వేగం చూసి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కాసేపటికి ఒక ఫైలు తేడాగా వచ్చింది. మరికాసేపటికి ఇంకొకటి. ఒక ఫైలు మధ్యలో వేరే ఫైలు ముక్క వచ్చి కూర్చుంది. నేను పరీక్ష ఆపేయబోయాను. సార్ మాత్రం కుర్చీలో ముందుకి వంగి, పెదవుల మీద వేలు పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా వైపు తిరిగి నవ్వారు.

"దొరికిందమ్మా. నంబరు ఒక్కడికే చెప్పాం కదా, వాడొక్కడే మోస్తాడనుకున్నాం. బస్తా సగం దూరం మోశాక కెర్నెల్ ఆ పని తీసి రెండోవాడికి ఇస్తోంది. ఆ రెండోవాడి బుర్రలో అదే నంబరుకి పాత మూల ఉంది. ఒక ప్రాసెసరున్న మెషీన్లో రెండోవాడే లేడు, ఇంకెలా కనపడుద్ది? ఆ కాసేపు పని చేతులు మారకుండా కట్టేస్తే సరిపోతుంది."

సరిగ్గా అప్పుడే కమిటీ లోపలికొచ్చింది. ముందు నెరిసిన జుట్టుతో ఒక ప్రొఫెసర్ గారు, వెనక ఇద్దరు, వాళ్ళ వెనక చేతులు కట్టుకుని మా ప్రిన్సిపాల్. ప్రొఫెసర్ గారు స్క్రీన్ వైపు చూసి, "ఇదేం నడుస్తోందండీ?" అని అడిగారు. ఊ అనమని చెప్పించుకున్న మనిషికి ఆ ఊ గుర్తుండాలి కదా. గుర్తు లేదు. సార్ లేచి మార్కర్ తీసుకుని బోర్డు మీద మొదలుపెట్టారు. పేజీలు, చిరునామాలు, ఇద్దరు మోసేవాళ్ళు. ప్రొఫెసర్ గారు నిజంగా విషయం తెలిసిన మనిషి, అదే మా ఖర్మ. కుర్చీ లాక్కుని కూర్చుని వినడం మొదలుపెట్టారు.

"మరి ఇంత పెద్ద తప్పు ఇన్నాళ్ళూ మీకెందుకు కనపడలేదు?" అని అడిగారాయన.

సార్ వెంటనే చెప్పారు. "మా ఇంట్లో దానికి ఒకటే ప్రాసెసరండి. ఇదేమో గుంటూరులో ఉన్నన్నాళ్ళూ పిల్లలకి కావాలి. సెలవులొచ్చాయి కదా, ఇక నడుపుదాం అనుకునేసరికి నిన్న వ్యాన్‌లో ఇక్కడికొచ్చేసిందండి. దాని వెనకాలే నేనూ వచ్చాను."

ప్రొఫెసర్ గారు పెన్ను మూత తీశారు. "మీరొక్కరేనా, ఇంకెవరైనా వచ్చారా?" అన్నారు మెల్లిగా.

"మా ల్యాబ్ మేడమ్ కూడా వచ్చారండి" అని సార్ నన్ను చూపించారు, పరిచయం చేస్తున్నట్టుగా.

నిజాయితీ కోసం అలా చెప్పారని తర్వాత కొందరు అన్నారు. కాదు. అంతకు ముందు తనిఖీల్లో ఆయనా మాతోపాటు ఊ అన్నవారే. ఆ రోజు ఎవరో తన పని గురించి అడిగారు, అర్థం చేసుకుని అడిగారు, అంతే, ఆయనకి ఇంకేమీ కనపడలేదు. నాకు ఆ రోజు అక్కడే ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. తిరుగు ప్రయాణంలో ఒంగోలు దాటాక ప్రిన్సిపాల్ గారు వెనక్కి తిరిగి, "ఊ అనమన్నాను కదా మాష్టారూ" అన్నారు, ఏడ్చినంత పని చేసి.

"ఆయన నన్ను ప్రాసెసర్ల గురించి అడిగారండీ" అన్నారు సార్.

సార్ ఉద్యోగం పోలేదు. మేనేజ్‌మెంట్ తెలివైనది, రెండు సబ్జెక్టులు చెప్పే మనిషిని ఎందుకు వదులుకుంటుంది? సర్వర్ మాత్రం మా ల్యాబ్‌కి తిరిగి రాలేదు. కమిటీ గొడవ తేలేదాకా అంటూ కరస్పాండెంట్ గారి గదిలో పెట్టి తాళం వేశారు. దాని మీద ఒక గుడ్డ కప్పారు, గుడ్డ మీద పూలకుండీ పెట్టారు. నేను వెళ్ళి అడిగాను. సార్ వెళ్ళి అడిగారు. ఒక్క పూట ఇవ్వండి, మీ గదిలోనే కూర్చుని చూసుకుంటాం అన్నాం. "చూద్దాం మాష్టారూ" అన్నారు ప్రతిసారీ. ఈ చూద్దాం అనే మాటకి మించిన తాళం ఇంకొకటి లేదు.

తప్పు దిద్దడానికి సార్‌కి ఒక్క సాయంత్రం పట్టింది. కొద్ది లైన్లే. లిస్టుకి పంపబోతూ ఆ మెయిల్ నాకు చూపించారు. మొదటి వాక్యమే ఇలా ఉంది: ఈ దిద్దుబాటుని రెండు ప్రాసెసర్ల మీద నేను చూడలేదు.

"ఈ వాక్యం తీసేయండి సార్" అన్నాను.

"తీసేస్తే చూశాననుకుంటారమ్మా."

"అనుకోనివ్వండి. కరెక్టే కదా ఇది?"

"కరెక్టే అనుకుంటున్నాను."

"మరింకేం సార్?"

"చీమకుర్తి వెళ్ళేదాకా కూడా అలాగే అనుకున్నానమ్మా."

ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. కానీ కోపం ఉంది. కంప్యూటర్ల లెక్కల్లో అబద్ధం, మనుషుల లెక్కల్లో అబద్ధం చెప్పుకుంటూ బతికే చోట, ఒక్క నిజమైన పని మీద మాత్రం ఆ వాక్యం ఎందుకు సార్? మెయిల్ అలాగే వెళ్ళింది. లిస్టులో ఒకాయన వీలు చూసుకుని నడిపి చూస్తానన్నాడు. ఆయనకి వీలు కాలేదు. సార్ సైకిల్ మీద బ్రాడీపేట వెళ్ళి వస్తూనే ఉన్నారు. తలుపులు మూసేశారు, కొత్త వెర్షన్ వచ్చేసింది. అందులో సార్ రాసింది లేదు.

కొన్నాళ్ళకి ఏ దేశంలోనో ఇంకెవరో అదే సమస్య మీద తమ దారిలో తాము పనిచేసి, పూర్తిచేసి, మెషీన్ల మీద నడిపి చూపించారు. చేర్చుకున్నారు. సార్ ఆ కోడ్ మొత్తం ప్రింటు తీయించుకొచ్చారు. ఆయనకి కోపం వస్తుందేమో, మనిద్దరం కలిసి తిట్టుకోవచ్చు అని ఎదురుచూశాను. ఆయన స్టాఫ్ రూములో కూర్చుని చివరిదాకా చదివి, "బాగా రాశాడు. నాకంటే ఒక మెట్టు ముందుకి ఆలోచించాడు" అన్నారు. ఆ వారమే దాన్ని క్లాసులో పాఠంగా చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. తన ప్రయత్నం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

బాధ లేదని కాదు. తర్వాత చాలాకాలం బ్రాడీపేట వైపు వెళ్ళలేదాయన. ఒకసారి కాలేజీ గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తాలు దింపుతున్నారు. అటు చూస్తూ, "ఒక్క వారం ఆ డబ్బా ఇక్కడుంటే చాలు కదమ్మా" అన్నారు. నేను ఆయన నోట విన్న ఫిర్యాదు అదొక్కటే. ఆ మాట అని, గ్లాసు కొట్టతనికి ఇచ్చేసి, జేబులో స్క్రూడ్రైవర్ సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత కాలం ఆ సమస్యనే మింగేసింది. కొత్తరకం మెషీన్లలో చిరునామాలకి కొదవ లేదు. ప్రతి పేజీకీ ఒక శాశ్వతమైన చిరునామా ముందే ఉంటుంది. వేయడమూ లేదు, చెరపడమూ లేదు, కేకలూ లేవు. సార్ అన్ని నెలలు తలబద్దలు కొట్టుకున్న పని, ఆ మెషీన్లలో ఏమీ చెయ్యని ఖాళీ లైనయిపోయింది. "జాగా విశాలంగా ఉంటే నంబర్లతో పనేముంది" అని ఆయన నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

సార్ రిటైరయ్యాక నేనొక మెషీన్ కొనుక్కున్నాను. అప్పటికి రెండు ప్రాసెసర్లు ఒకే చిప్పులో మామూలుగా వచ్చేస్తున్నాయి, అరండల్‌పేటలో ఏ కొట్లో అడిగినా దొరికేది. ఊళ్ళో ఒక్కటే అని దండ వేసిన వస్తువు, ఇంటర్ పిల్లల బల్ల మీదికి చేరింది. నేను దాన్ని ఆటోలో పెట్టుకుని నల్లపాడు తీసుకెళ్ళాను. ఆంటీ వరండాలో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. "ఏంటమ్మా, ఇల్లు మారుతున్నావా?" అంది.

"సార్, మీది నడుపుదాం" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నారు గానీ, జేబులోంచి స్క్రూడ్రైవర్ అప్పటికే బయటికి వచ్చింది. పాత కెర్నెల్ కొత్త మెషీన్ మీద కూడా ఆ పాత కొద్ది చిరునామాలతోనే నడుస్తుంది, కాబట్టి పరీక్ష పనికొస్తుంది. అది కొత్త డిస్కుని గుర్తుపట్టలేదు. సెట్టింగుల్లో పాత పద్ధతికి మార్చారు. కొత్త నెట్‌వర్క్ కార్డు తెలియదంది. అటక మీంచి పాత కార్డు తీసి, దులిపి పెట్టారు. ఫైళ్ళు అడగడానికి ఆయన పాత మెషీన్ ఉండనే ఉంది. అన్నం తినే వేళకి పరీక్ష మొదలైంది. వచ్చిన ప్రతి ఫైలుకీ స్క్రీన్ మీద ఒక లైను పడుతోంది. సరిగ్గా ఉంది, సరిగ్గా ఉంది, సరిగ్గా ఉంది. చీమకుర్తిలో తేడా వచ్చినంత సేపు గడిచింది. దానికి ఎన్నో రెట్లు గడిచింది. ఒక్క తేడా లేదు.

"సార్, ఆ రోజు మీరు పంపింది సరిగ్గానే ఉంది. ప్రతి లైనూ సరిగ్గానే ఉంది" అన్నాను. నా గొంతు ఎందుకో గట్టిగా వచ్చింది, పోట్లాడుతున్నట్టు. ఎవరితో పోట్లాడాలో తెలియలేదు. ఎవరికి పంపాలి దీన్ని? ఆ వెర్షన్ ఎవరూ వాడరు, ఆ సమస్య ఎవరికీ లేదు. సార్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

లోపల్నించి ఆంటీ అన్నానికి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. నాకు బస్సు వేళవుతోంది.

"ఇక ఆపేసి సర్దేద్దామా సార్?" అన్నాను.

"ఆపకమ్మా" అన్నారు. "ఇంకాసేపు నడవనీ."

నేను దాన్ని అక్కడే వదిలేసి బయల్దేరాను. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, కిటికీలోంచి సార్ కనపడుతున్నారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, స్టూల్ మీద నిటారుగా కూర్చుని, పైకి వెళ్ళిపోతున్న ఆ లైన్లని ఒక్కొక్కటే చదువుతున్నారు.